గల్తీ అమ్మీది కాదు: మూసారాంబాగ్‌లో యూఎక్స్ తొలి సబక్

మా చెల్లెలి కూతురు ఈ ఏడాది బీకాం పూర్తిచేసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరింది. మూసారాంబాగ్ మెట్రో స్టేషన్‌లో ఎక్కితే తర్వాతి స్టేషన్‌లోనే దిగాలి. "ఏం తాలీం బేటా?" అని అడిగితే "యూఎక్స్ డిజైన్ మామూ" అంది. ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఫోన్‌లో యాప్‌లకు రంగులు వేసే పనేమో అనుకున్నాం.

నెల తర్వాత తన మొదటి ప్రాజెక్టు తెచ్చింది. ఇంటి బిల్లులు కట్టే యాప్ నమూనా అది. లేత నీలం రంగు, గుండ్రటి బటన్లు, చూడ్డానికి మాషాఅల్లాహ్ ముచ్చటగా ఉంది. "ఉర్దూ కూడా పెట్టాను మామూ" అని ఫఖర్‌గా చెప్పింది. సరే, ముందు నానీకి చూపించమన్నాను.

అమ్మీకి డెబ్బై దాటాయి. ఉర్దూ చదువుతారు, రాస్తారు. కళ్లద్దాలు సర్దుకుని ఫోన్ పట్టుకున్నారు. మొదటి గడి దగ్గరే ఆగిపోయారు. అక్కడ "ఖాందాన్ కా నామ్" అని ఉంది. "ఏ ఖాందాన్ బేటా? మా అబ్బా ఖాందానా, సుస్రాల్ ఖాందానా?" అన్నారు. పిల్ల దగ్గర జవాబు లేదు. ఏదో ఒకటి రాయించి ముందుకు వెళ్లమంది. ముందుకు వెళ్లే బాణం కుడివైపుకు చూపిస్తోంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదివే కంటికి కుడివైపు బాణం అంటే వెనక్కి వెళ్లమని. అమ్మీ ఎడమవైపు బాణం నొక్కారు. రాసిందంతా పోయింది.

ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ అమ్మీ అన్న మాట నా మనసులో ఉండిపోయింది. "మేరేకు నై ఆతా మా. గల్తీ మేరీచ్ హై."

ఆ రాత్రి పిల్లతో చాలాసేపు మాట్లాడాను. నేను డిజైనర్‌ని కాను, సహాఫీని. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగులో. నాకు తెలిసింది కొంచెం తారీఖ్ మాత్రమే. కానీ ఈ యూఎక్స్ అనే హునర్ పుట్టిందే "గల్తీ ఎవరిది?" అన్న సవాలు నుంచి. ఆ కథలో మన హైదరాబాద్‌కూ, మన నల్లగొండకూ, నిజామాబాద్‌కూ హిస్సా ఉంది. మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఇప్పుడు ఈ కోర్సుల్లో చేరుతున్నారు కాబట్టి ఆ రాత్రి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

యూఎక్స్ అంటే

యూజర్ ఎక్స్‌పీరియన్స్. ఉర్దూలో యూజర్‌ను సారిఫ్ అంటారు. ఒక వస్తువును ఇస్తేమాల్ చేసేటప్పుడు సారిఫ్‌కు కలిగే తజుర్బా మొత్తం యూఎక్స్. బటన్ రంగు అందులో ఒక చిన్న ముక్క. ఆ బటన్ కనిపించిందా, దాని అర్థం తెలిసిందా, నొక్కాక ఏమైందో తెలిసిందా, తప్పు నొక్కితే వెనక్కి రావడానికి దారి ఉందా, చివరికి వచ్చిన పని అయిందా, ఇవన్నీ కలిస్తేనే తజుర్బా.

ఈ మాటను వాడుకలోకి తెచ్చినవాడు డాన్ నార్మన్. మనిషి మనసు ఎలా పనిచేస్తుందో చదివిన ప్రొఫెసర్. రోజూ వాడే తలుపులు, పొయ్యిలు, కుళాయిలు మనల్ని ఎందుకు తికమక పెడతాయో 1988లో ఒక కితాబు రాశాడు. లాగాలో నెట్టాలో తెలియని తలుపు దగ్గర మనిషి తడబడితే కుసూర్ తలుపుదే అన్నది దాని సారం. 1993లో యాపిల్ కంపెనీలో చేరి, తన ఉద్యోగం పేరులోనే యూజర్ ఎక్స్‌పీరియన్స్ అని పెట్టుకున్నాడు.

పేరు అప్పుడు వచ్చింది. పని అంతకు చాలా ముందే షురూ అయింది.

రెండు లివర్ల కథ

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాకు బీ-17 అనే పెద్ద బాంబర్ విమానం ఉండేది. విమానం క్షేమంగా నేల మీద దిగేది. దిగాక పైలట్ రెక్కల ఫ్లాప్‌లు పైకి తీయబోయి చక్రాలు పైకి తీసేవాడు. విమానం పొట్ట మీద కూలబడేది. మళ్లీ మళ్లీ ఇదే జరిగింది. రిపోర్టులో "పైలట్ గల్తీ" అని రాసి ఫైల్ మూసేవారు.

ఆల్ఫాన్స్ షపానిస్ అనే యువ సైకాలజిస్టును దర్యాప్తుకు పంపారు. ఆయన పైలట్లను తిట్టలేదు, వెళ్లి కాక్‌పిట్ చూశాడు. ఫ్లాప్‌ల మీట, చక్రాల మీట పక్కపక్కనే ఉన్నాయి, చేతికి ఒకేలా తగులుతున్నాయి. అలసిపోయిన మనిషి చీకట్లో ఏది పట్టుకున్నాడో ఎలా తెలుస్తుంది? చక్రాల మీట చివర చక్రం ఆకారంలో రబ్బరు ముక్క, ఫ్లాప్‌ల మీట చివర రెక్కలాంటి ముక్క తగిలించాడు. ఆ గల్తీ ఆగిపోయింది. పైలట్లు మారలేదు, వాళ్ల ట్రైనింగ్ మారలేదు. మారింది మీట ఒక్కటే.

1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి 460 "పైలట్ గల్తీ" సంఘటనలను జమచేసి చూశారు. చాలావాటికి మూలం మీటల అమరికలోనే దొరికింది. ఇదే యూఎక్స్ పునాది రాయి: ఒకే తప్పు చాలామంది చేస్తుంటే అది మనుషుల తప్పు కాదు, వస్తువులో ఉన్న ఐబ్.

డబ్బాలు, నిషానీలు, 28 లక్షల పేర్లు

మన దేశంలో దీనికి అతిపెద్ద ఇంతెహాన్ 1951-52 సాధారణ ఎన్నికలు. 17 కోట్లకు పైగా ఓటర్లు. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత దాదాపు 18 శాతం. అంటే బ్యాలెట్ మీద పేరు అచ్చేస్తే ఎక్కువమంది చదవలేరు. మొదటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ముందు రెండు దారులున్నాయి. అవామ్‌కు చదువు వచ్చేదాకా ఆగమనడం ఒకటి, చదువు రాని మనిషికీ పనికొచ్చే ఓటు తయారుచేయడం రెండోది. ఆయన రెండోది ఎంచుకున్నాడు.

ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా. డబ్బా మీద నిషానీ. ఓటరు చాటుకు వెళ్లి తనకు నచ్చిన నిషానీ ఉన్న డబ్బాలో కాగితం వేస్తే చాలు. చదవక్కర్లేదు, రాయక్కర్లేదు. ఈనాటి ఫోన్‌లో మనం నొక్కే ఐకాన్ చేసేదీ ఈ పనే. ఒక్క తేడా ఉంది. ఆ నిషానీలు పల్లె మనిషి రోజూ చూసే వస్తువులు. నేటి యాప్‌లో మెనూకు పెట్టే మూడు గీతలు అమ్మీకి దేని బొమ్మ?

అదే ఎన్నికల్లో ఒక పెద్ద దెబ్బ కూడా ఉంది. ఓటర్ల జాబితా రాయడానికి ఇంటింటికీ వెళితే, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, లక్షలాది ఔరతులు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని మాత్రమే రాయించారు. పరాయి మగాడికి పేరు చెప్పడం వాళ్ల రివాజు కాదు. సేన్ ఒప్పుకోలేదు. సొంత పేరు లేని నమోదు చెల్లదన్నాడు. అలా దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుంచి పోయాయి.

నేను ఈ సంగతి చెప్పగానే మా పిల్ల "సేన్ సాబ్‌దే గల్తీ" అంది. అంత ఆసాన్ కాదు. ప్రతి ఔరత్‌కూ తన పేరుతోనే ఓటు ఉండాలన్నది ఇజ్జత్ సంగతి. అందులో ఆయన రాజీ పడకపోవడం సరైనదే. కానీ ఆ పేరు అడిగిన తీరు, అడిగిన మనిషి, ఇచ్చిన వక్త్, ఇవి గడప లోపలి మనిషి హాలత్‌కు సరిపోలేదు. తర్వాత ప్రచారం చేసి, జాబితాలను చాలావరకు సరిదిద్దుకోవాల్సి వచ్చింది. సారిఫ్ ఏమంటే అది చేసిపెట్టడం యూఎక్స్ కాదు. హక్కు వదలకుండా, దాని దాకా మనిషి నడవగలిగే మెట్లు కట్టడం యూఎక్స్.

తప్పుకు ముందే చోటు

డబ్బాల పద్ధతిలో చిక్కులున్నాయి. 1962 ఎన్నికల నాటికి దేశంలో ఎక్కువచోట్ల ఒకే కాగితం మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది. ఆ ముద్రను గుర్తు తెచ్చుకోండి. బాణాలు ఒకవైపుకే తిరిగినట్టుండే క్రాస్ ముద్ర. సాదా చుక్కో, ఇంటూ గుర్తో ఎందుకు పెట్టలేదు? ఓటరు కాగితం మడిచినప్పుడు తడి సిరా ఇంకో అభ్యర్థి గడి మీద అంటుతుంది. చుక్క అయితే ఏది అసలో ఏది అంటుకున్నదో తెలియదు. ఈ ముద్ర అయితే అంటుకున్నది అద్దంలోలా ఉల్టా పడుతుంది. లెక్కించేవాడు చూడగానే పోల్చుకుంటాడు, ఓటు జాయా కాదు.

మనిషి కాగితం తప్పుగా మడవడం ఖాయం. దాన్ని ఆపలేవు కాబట్టి ఆ తప్పుకు ముందే చోటిచ్చి పెట్టు. కోర్సుల్లో దీన్ని ఎర్రర్ టాలరెన్స్ అని చెబుతారు. మన అబ్బాజాన్‌లు వేలిమీద సిరాతో దీన్ని ఇస్తేమాల్ చేసి వచ్చారు.

1996లో మన నల్లగొండ ఆ కాగితానికీ పరీక్ష పెట్టింది. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన జిల్లా అది. తమ గోడు ఎవరికీ వినబడక జనం నామినేషన్లు వేశారు. లోక్‌సభ సీటుకు 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ కాగితం కాస్తా కితాబైంది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. బ్యాలెట్ బరువు తగ్గింది, నిజమే. కానీ ఆ 480 పేర్లు నీళ్ల కోసం వేసిన దరఖాస్తు. ఇస్తేమాల్ చేసేవాళ్లు ఒక వస్తువును వింతగా వాడుతున్నారంటే వాళ్లు ఏదో చెబుతున్నారని అర్థం. ఆ మాట వినడం కూడా డిజైనర్ పనే.

హైదరాబాద్‌లో పుట్టిన బటన్

మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ 1979లో ఓటు మిషన్ నమూనా తయారుచేసింది. 1980 ఆగస్టు 6న ఎన్నికల కమిషన్ దాన్ని రాజకీయ పార్టీలకు చూపించింది. 1982 మే 19న కేరళలోని పరూర్‌లో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి వాడారు. చట్టంలో మిషన్ మాట లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది. 1988లో చట్టం సవరించారు. 2004కు దేశంలో లోక్‌సభ ఎన్నికలన్నీ మిషన్ల మీదే జరిగాయి.

రాజకీయ బహస్ పక్కన పెట్టి, ఆ పెట్టెను డిజైన్ కితాబులా చదవండి. అభ్యర్థి పేరు, నిషానీ, నీలం బటన్ ఒకే వరసలో. ఏ బటన్ ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు. నొక్కగానే పక్కనే ఎర్ర దీపం, వెంటనే పొడుగాటి బీప్. కంటికొకటి, చెవికొకటి. నీ మాట నాకు అందింది అని మిషన్ జవాబిస్తుంది. దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. ఒకసారి నొక్కాక అధికారి మళ్లీ విడుదల చేసేదాకా ఇంకో బటన్ పనిచేయదు. అంటే రెండుసార్లు నొక్కే తప్పుకు మిషన్‌లోనే తాళం ఉంది.

అయినా సవాళ్లు ఆగలేదు. కళ్లు లేని మనిషి సంగతేంటి? ఓటు మిషన్ మీద బ్రెయిల్ గుర్తులు పెట్టి ఎన్నికల కమిషన్ మొదట పరీక్షించింది మన దగ్గరే. 2004లో ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ ఉప ఎన్నికలో. తర్వాత కొన్ని రాష్ట్రాల్లో ఒక్కో నియోజకవర్గంలో చూసి, 2009 సాధారణ ఎన్నికల నాటికి దేశమంతా తీసుకెళ్లారు. చిన్నచోట మొదలుపెట్టు, చూడు, దిద్దు, అప్పుడు పెంచు. దీపం వెలిగింది సరే, నా ఓటు ఎవరికి పడిందో నాకెలా తెలుస్తుందని ఇంకొందరు అడిగారు. దానికి జవాబుగా 2013లో వీవీప్యాట్ వచ్చింది. చీటీ 7 సెకన్లు అద్దం వెనుక కనబడుతుంది.

2019లో నిజామాబాద్ రైతులు పసుపు బోర్డు కోసం నల్లగొండ దారే పట్టారు. 185 మంది అభ్యర్థులు, నోటాతో కలిపి 186 బటన్లు కావాలి. ఒక్కో యూనిట్‌కు 16 చొప్పున ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు వరసపెట్టారు. అన్నీ సక్రమంగా వెలిగాయి, మోగాయి. కానీ 12 పెట్టెల మధ్య తన నిషానీ వెతుక్కునే ముసలి మనిషిని ఊహించండి. పని జరగడం వేరు, ఆసాన్‌గా జరగడం వేరు. ఆ రెంటి మధ్య ఉన్న ఫాస్లా కొలవడమే ఈ పిల్లలు నేర్చుకునేది.

మూసా రామా, మూసా రహీమా?

ఇక అమ్మీ ఆగిపోయిన ఆ మొదటి గడికి వస్తాను. పేరు.

మన మొహల్లా పేరే చూడండి. మిషెల్ జోకిమ్ మరీ రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లో పుట్టి, నిజాం అలీ ఖాన్ ఫౌజులో జనరల్ అయ్యాడు. తోప్ కా సాంచా ఆయన జమానాదే. 1798లో చనిపోతే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి కట్టారు. ఆ ఫ్రెంచి పేరు ఇక్కడి నోటికి పట్టలేదు. హిందువులు మూసా రాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. బాగ్ మాత్రం మూసారాంబాగ్‌గా నిలిచింది. పేరు సరిగా పలకడం మీకు రాదు, గల్తీ మీదే అని ఎవరూ అవామ్‌ను వాపస్ పంపలేదు. అవామ్ తమకు వాడుకొచ్చేలా పేరును దిద్దుకున్నారు, అందరికీ పని జరిగింది.

పాత ఉస్మానియా నోటు తీసి చూడండి. 1918 నుంచి వచ్చిన ఆ నోట్ల మీద ఉర్దూతో పాటు ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ, కన్నడలో కూడా విలువ రాసి ఉంటుంది. హుకూమత్ ఉర్దూది, బజారు అందరిదీ. నోటు ఇస్తేమాల్ చేసేది బజారు.

ఇప్పటి ఫారంల తీరు అలా లేదు. ఇంటిపేరు, సొంత పేరు అని రెండు గడులు, రెండూ నింపకపోతే ముందుకు కదలదు. మనలో చాలామందికి ఇంటిపేరు లేదు. షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్ వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాయి. మన ఆడపిల్లల పేర్లలో బేగం, సుల్తానా, ఫాతిమా ఇంటిపేర్లయి కూర్చున్నాయి. నా సంగతే తీసుకోండి. స్కూల్ సర్టిఫికెట్‌లో పొట్టి అక్షరాలతో "ఎండీ", డిగ్రీలో పూర్తిగా "మహమ్మద్", ఇంకో కార్డులో ముందుది వెనక్కి. మూడూ నేనేనని రుజువు చేసుకోవడానికి ఒక దఫ్తర్‌లో అఫిడవిట్ అడిగారు. కౌంటర్‌లో ఉన్న మనిషి మంచివాడే. ఆయన ముందున్న ఫారంకు మనలాంటి మనిషి ఉంటాడని తెలియదు, అంతే.

ఇది స్కాలర్‌షిప్ ఆగిపోయే సంగతి, పెన్షన్ ఆగిపోయే సంగతి, పాస్‌పోర్టు ఆగిపోయే సంగతి. అందుకే మన ఇళ్ల పిల్లలు ఈ హునర్ నేర్చుకోవడం నాకు ఖుషీగా ఉంది. ఫారం రాసే టేబుల్ దగ్గర అమ్మీ లాంటి నానీ ఉన్న ఒక్క పిల్ల కూర్చున్నా ఆ గడి మారుతుంది.

షురూ ఎక్కడ?

కోచింగ్ సెంటర్‌లో ముందుగా ఫిగ్మా నేర్పుతున్నారు. నేర్చుకోవాల్సిందే. కానీ ఖలం కొన్నంత మాత్రాన కాతిబ్ అయిపోతామా? 1985లో జాన్ గౌల్డ్, క్లేటన్ లూయిస్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ పనికి మూడు ఉసూళ్లు చెప్పారు: మొదటి నుంచే సారిఫ్‌ను గమనించు, వాళ్లతో వాడించి కొలువు, దిద్ది మళ్లీ వాడించు. 1994లో జేకబ్ నీల్సన్ పది సూత్రాల జాబితా ఇచ్చాడు. పని ఎక్కడిదాకా వచ్చిందో చూపించడం, మనిషికి తెలిసిన మాటలు వాడటం, వెనక్కి రావడానికి దారి ఉంచడం, తప్పు జరగకముందే ఆపడం అందులో ఉన్నాయి. ఇవన్నీ ఓటు డబ్బా, ముద్ర, బటన్ కథలో మీరు ఇప్పటికే చదివారు.

ఒకే రకం వాడకందార్లలో ఐదుగురితో చూపించి పరీక్షిస్తే పెద్ద ఐబ్‌లు ఎక్కువగా బయటపడతాయని నీల్సన్ 2000లో రాశాడు. ఐదుగురు మన గల్లీలోనే దొరుకుతారు. అయితే ఐదుగురూ నీ క్లాస్‌మేట్లే కాకూడదు. కాగితం మీద పెన్సిల్‌తో స్క్రీన్లు గీసి ముందు పెట్టు. "బాగుందా?" అని అడగకు, మన ఇళ్లలో మురవ్వత్ కొద్దీ బాగుందనే అంటారు. "ఈ నెల కరెంటు బిల్లు కట్టి చూపించు" అని ఒక పని ఇవ్వు. తర్వాత నోరు మూసుకుని కూర్చో. వేలు ఎక్కడ ఆగింది, కనుబొమలు ఎక్కడ ముడిపడ్డాయి, రాసుకో. చేయి చాపి సాయం చేశావంటే ఇంతెహాన్ పాడైనట్టే. అన్నిటికన్నా ముష్కిల్ ఆ సబరే.

మా పిల్ల ఆ పని చేసింది. రెండు వారాల తర్వాత కొత్త కాగితాలు తెచ్చింది. పేరుకు ఒకటే గడి, పక్కన "కార్డు మీద ఎలా ఉందో అలా" అని పెద్ద నస్తాలీక్ అక్షరాల్లో రాసి ఉంది. కాతిబులు రాసిన అఖ్బార్లు చదివిన కళ్లకు ఆ ఖత్తే అలవాటు. ముందుకు వెళ్లే బాణం ఎడమవైపుకు మారింది. వెనక్కి వస్తే రాసింది పోకుండా ఉంటుందట.

అమ్మీ తన పేరు పూర్తిగా రాశారు. తర్వాతి కాగితం తిప్పారు, ఆ తర్వాతిదీ తిప్పారు. ఓటీపీ దగ్గర ఆగారు. "ఈ నంబరు ఎక్కడి నుంచి తేవాలి బేటా?" అని మనవరాలి ముఖం చూశారు. నాకు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పిల్ల కళ్లతోనే ఆగమంది.

నోట్‌బుక్ తీసి రాసుకుంది: "ఓటీపీ స్క్రీన్. నంబర్ ఎక్కడ వస్తుందో చెప్పలేదు. గల్తీ నాది."